నాకొక్కదానికే కనబడిన ఈగలు

కళ్ళజోడు తీసేస్తే చాలు, అందం దానంతటదే వచ్చి మొహం మీద కూర్చుంటుందని నమ్మిన రోజులవి. కృష్ణపట్నం పోర్టు దగ్గర లారీలు తూచే కాటా ఆఫీసులో నాకు కొత్తగా ఉద్యోగం. నా పవర్ మైనస్ తొమ్మిది. (అద్దాలు తీస్తే, లారీ వచ్చిందో లేదో హారన్‌ని బట్టి చెప్పాల్సిందే.) నెల్లూరు వెళ్ళి లేజర్ చేయించుకున్నాను. "అమ్మా, లేజర్ సరిచేసేది కంటి ముందు భాగాన్నే. వెనక రెటీనా నీకు పల్చగానే ఉంటుంది. మెరుపులు, నల్ల చుక్కలు కనబడితే ఆ రోజే రా" అని డాక్టరుగారు మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ తలూపాను. మనసు మాత్రం కాటుక డబ్బా మీద ఉంది. వచ్చేటప్పుడు ఆస్పత్రిలో పేషెంట్లకి సలహాలు చెప్పే కౌన్సెలరమ్మ 'కళ్ళజోడుకి సెలవు' అని రాసిన అట్ట చేతికిచ్చి ఫోటో తీసింది. ఆర్నెల్లు వాట్సాప్‌లో నా మొహం అదే.

ఏడో నెలలో ఆఫీసులోకి ఈగలొచ్చాయి. రిజిస్టరు మడిచి కొడుతుంటే ఒక దెబ్బ ఎదురుగా నిలబడ్డ లారీ డ్రైవరుకి తగిలింది. "అక్కా, ఈగ యాడుంది? నాకేం కనబళ్ళేదే!" అన్నాడు. సాయంత్రానికి కంటి పక్కన మెరుపులు. నన్ను పెంచిన పెద్దమ్మ దిష్టి తీసి, "ఆ ఫోటో ఊరంతా చూసినారు గదే, అదే తగిలింది" అని తేల్చేసింది. డాక్టరు మాట కన్నా ఆ మాటే హాయిగా ఉంది.

మర్నాడు కుడికంట్లో కింది నుంచి నల్లటి తెర లేచింది. ఎదురుగా వస్తున్న లారీకి చక్రాలు లేవు! కేకేశాను. మా సూపర్‌వైజరు అప్పటికప్పుడు కంపెనీ జీపులో నెల్లూరులోని అదే ఆస్పత్రికి పంపారు.

రెటీనా డాక్టరమ్మ చూసి, "వెనక పొర చిరిగి ఊడింది. నడిమధ్యకింకా రాలేదు, అదృష్టం" అంది.

"లేజర్ వల్లేనా మేడం?"

"అలా చెప్పలేం. నీలాంటి కళ్ళకి ఈ ముప్పు ముందునుంచీ ఉంది. అద్దాలు పోయినా కన్ను అదే కదమ్మా."

ఆపరేషన్ చేసి, కంట్లో గ్యాస్ నింపి, పది రోజులు బోర్లా పడుకోమన్నారు. అంత ముస్తాబు చేసిన మొహాన్ని పది రోజులూ నేలకి చూపించాను. పలకరించడానికొచ్చిన చుట్టాల్ని కాలివేళ్ళని బట్టి గుర్తుపట్టేదాన్ని. పెద్దమ్మ మంచం అంచు దాటి ఉన్న నా మొహం కిందికి దూరి, వెల్లకిలా పడుకుని ఇడ్లీ తినిపించేది. "నీ మొగం చూడాలంటే ఇట్టా పడుకోవాల్సొచ్చె గదే" అని నవ్వుతుంటే, ఆమె కన్నీళ్ళు చెవుల్లోకి కారేవి.

చూపు నిలిచింది. ఆ కంటికి సన్నక్షరాలు మాత్రం కాస్త వంకరగా కనబడతాయి. ఏటా పరీక్షకి ఆ ఆస్పత్రికే వెళ్తున్నాను. మొన్న అక్కడి నర్సు నా పాత ఫైలు తిరగేసి నవ్వింది. 'లేజర్ ఎందుకు కావాలి?' అన్నచోట నా గుండ్రటి చేతిరాతతో 'బాగా కనబడాలని' అనుంది. వాళ్ళు చూపు గురించనుకున్నారు, పాపం.