మామయ్య పైపన్ను

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఈ సామెత చెప్పి అత్తయ్య ఎంత వారించినా వినకుండా, మామయ్య పైపన్ను పీకించుకోవడానికి నా దగ్గరికే వచ్చాడు. ముప్పై ఏళ్లుగా బ్యాండులో క్లారినెట్ వాయిస్తున్న మనిషి. జ్వరమొచ్చినా పొద్దున్నే గంటసేపు సాధన మానడు. పన్ను రెండు నిమిషాల్లో వచ్చేసింది. నా హస్తవాసి గురించి నేనే నాలుగు మాటలు చెప్పుకున్నాను.

మూడో వారం మళ్లీ వచ్చాడు. "క్లారినెట్ పలకట్లేదురా. గాలి ఎటో పోతోంది."

పైదవడ పళ్ల వేళ్లకు ఆనుకునే సైనస్ అనే గాలిగది ఉంటుంది. పన్ను తీస్తే ఒక్కోసారి ఆ గదికి కన్నం పడుతుంది. ఆ మాత్రం నాకూ తెలుసు. నోరు తెరిచి, ముక్కు మూసుకుని, ముక్కులోకి గాలి తొయ్యమన్నాను. పన్ను తీసిన చోట ఒక్క బుడగైనా రాలేదు. కన్నం లేదు, జలుబే అని మాత్రలు రాశాను. వారం తర్వాత వస్తే మళ్లీ అదే పరీక్ష, అదే తీర్పు. ఈసారి "వయసు కూడా వస్తోంది కదా మామయ్యా" అని కలిపాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడోసారి ఆయన కుర్చీలో కూర్చోలేదు.

"ఆదివారం లోపు పలక్కపోతే నా చోట్లో ఇంకొకణ్ణి పెడతాడట బ్యాండు మాస్టరు. ఒరేయ్, నేను ముక్కుతో ఊది బతకట్లేదురా. నోటితో ఊదుతాను. అది చూడవేం?"

పళ్లు చూసే చిన్న అద్దం ఆయన ముక్కు కింద పెట్టి, ఊపిరి బిగబట్టి బుగ్గలు పూరించమన్నాను. అద్దం మసకబారింది. నోటి గాలి ముక్కులోకి వస్తోంది, కన్నం ఉంది. లోపల వాచిన పొర కన్నానికి తలుపులా అడ్డం పడింది. ముక్కువైపు నుంచి తోస్తే మూసుకుంటోంది, నోటివైపు నుంచి తోస్తే తెరుచుకుంటోంది. నేను రెండుసార్లూ మూసుకునే వైపే తట్టి, లోపల ఎవరూ లేరని చెప్పి వచ్చేశాను.

సర్జన్ దగ్గరికి నేనే తీసుకెళ్లి కన్నం కుట్టించాను. బ్యాండు మాస్టరు దగ్గరికెళ్లి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆయన రెండు నెలలు ఆగాడు. అన్నాళ్లూ మామయ్య నోరు మూసుకుని డప్పు కొట్టాడు. ఆ తర్వాత మళ్లీ క్లారినెట్ అందుకున్నాడు.

మొన్న వచ్చి పళ్ల కుర్చీలో కూర్చున్నాడు. "నొప్పిగా ఉందిరా. తీసెయ్."

"ఇంకెవరికైనా చూపించుకో మామయ్యా" అన్నాను. పట్టకారు ముట్టుకోలేదు.

"పెరటి చెట్టని కొట్టేసుకుంటామేంట్రా" అన్నాడాయన, నోరు తెరుస్తూ. "భయపడకు. ఇది కింది పన్నే."