లోపలి ర్యాకులో మిగిలిన కార్డు

పన్నెండేళ్ళ టైమాఫీసు ఉద్యోగంలో ఒకే ఒక్కసారి నేను ఇంకొకరి కార్డు కొట్టాను. అది చనిపోయిన మనిషి కార్డు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో ఆ రోజు పేజీలో ఆ కార్డును దాచానే గాని, ఒక్క అక్షరం రాయలేదు.

1996 జూన్‌లో హోసూరులోని ఒక ఫ్యాక్టరీలో టైమాఫీసు గుమస్తాగా చేరాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. దగ్గర్లోని మత్తిగిరి నుంచి సైకిల్ మీద వెళ్ళేదాన్ని. గేటు దాటగానే గోడకు గడియారం, దానికి ఎడమపక్క 'బయట' ర్యాకు, కుడిపక్క 'లోపల' ర్యాకు ఉండేవి. కార్మికుడు ఎడమ ర్యాకులోంచి తన కార్డు తీసి గడియారంలో పెట్టి మీట నొక్కితే, దాని మీద ఊదారంగులో సమయం పడుతుంది. కార్డును కుడి ర్యాకులో పెట్టి పనిలోకి పోతాడు. ఇంటికి పోయేటప్పుడు మళ్ళీ కొట్టి ఎడమపక్క పెడతాడు. ఒకరి కార్డు ఇంకొకరు కొడితే ఉద్యోగం పోతుంది. ఆ నియమానికి మినహాయింపు లేదు.

మరుసటి సంవత్సరం నవంబరు చివర్లో, లేత్ యంత్రం నడిపే వెంకటేశ్ అనే కార్మికుడు తెల్లవారుజామున, ఆరు గంటల 'ఏ' షిఫ్టుకు మోపెడ్ మీద వస్తూ మంచులో లారీ కింద పడి చనిపోయాడు. నాకు ఆ వార్త తెలియక ముందే హాజరుపట్టీలో అతని పేరుకు ఎదురుగా ఎర్ర సిరాతో ఆబ్సెంట్ గుర్తు వేసేశాను.

సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనెల్ విభాగం నుంచి చీటీ వస్తే తప్ప పట్టీలో పేరు కొట్టివేయకూడదు. మరణ ధ్రువపత్రం రాలేదని చీటీ ఆగింది. నెలాఖరున పట్టీ చూసి అందరికీ కొత్త కార్డులు రాయడం నా పని. వెంకటేశ్ పేరు దగ్గర చెయ్యి ఆగింది. టైమాఫీసర్‌ను అడగాలంటే భయం వేసింది. అతని పేరుతోనూ కార్డు రాసి బయట ర్యాకులో పెట్టేశాను.

డిసెంబరు ఒకటిన నేను ఎనిమిదిన్నరకు వచ్చేసరికి ఆ కార్డు లోపలి ర్యాకులో ఉంది. దాని మీద ఉదయం 5.41 అని పడింది. మరుసటి రోజూ అంతే. వచ్చినట్టు ముద్ర ఉంది గాని, వెళ్ళినట్టు లేదు. రోజూ లోపలికి వస్తున్నాడు, ఒక్కరోజూ బయటికి పోవడం లేదు. పట్టీలో అతని గడిని ఖాళీగా వదిలి, పెన్సిల్‌తో చుక్క పెడుతూ వచ్చాను.

రెండో వారంలో అగ్నిప్రమాద కసరత్తు జరిగింది. సైరన్ మోగితే యంత్రాలన్నీ ఆపి అందరూ మైదానంలో నిలబడాలి. లోపలి ర్యాకులో కార్డులెన్నో నేను లెక్కపెట్టి చెప్పాలి. కార్డులు రెండువందల పదమూడు. మనుషులు రెండువందల పన్నెండు మంది. టైమాఫీసర్ మెగాఫోన్ పట్టుకుని నావైపు చూస్తున్నాడు. యంత్రాలు ఆగిన ఆ షెడ్డు తలుపు తెరిచే ఉంది. లోపలినుంచి ఎవరో నడిచి వస్తారని నేను ఎంతసేపు చూశానో తెలియదు. చివరికి రెండువందల పన్నెండు అని చెప్పాను.

ఆ సాయంత్రం కార్డులన్నీ తీసి పోల్చాను. మునిరాజు కార్డు మీద రోజూ అదే నిమిషం. ముందు వారం అతను సెలవు పెట్టిన గురువారం, వెంకటేశ్ కార్డులోనూ ఆ గడి ఖాళీ. మునిరాజు జవళగిరి మనిషి, వెంకటేశ్ పక్క యంత్రం మీద పనిచేసేవాడు. నెలకోసారి, రెండో శనివారం టైమాఫీసర్ కార్డులు తనిఖీ చేస్తాడు. అప్పటికి రెండే రోజులున్నాయి.

ఆ వారమే ఆఫీసు సిబ్బందికి, పనిచోట ఎలా మాట్లాడాలో నేర్పడానికి బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చాడు. ఎదుటివారి కళ్ళలోకి చూడాలి, పేరు పెట్టి పిలవాలి, నింద లేకుండా ప్రశ్న అడగాలి అన్నాడు. ఆలస్యంగా వచ్చిన కార్మికుడిని అడిగినట్టు నటించమని నన్ను నిలబెడితే నోరు పెగల్లేదు. స్టోర్స్ గుమస్తా వెనకనుంచి, "ఆయమ్మ గడియారంతోనే మాట్లాడతాది సార్, వదిలేయండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన చెప్పినవన్నీ డైరీలో రాసుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం షిఫ్టు వదిలాక మునిరాజును గడియారం దగ్గర ఆపాను. కళ్ళలోకి చూశాను. అతను తల దించుకున్నాడు. పేరు పెట్టి పిలిచాను, ఇంకా బిగుసుకుపోయాడు. రాసుకున్న ప్రశ్న ఒక్కటీ గుర్తుకు రాలేదు. అతని పక్కన గోడకు ఆనుకుని నిలబడి, గడియారం వైపు చూస్తూ నా సంగతి చెప్పాను.

"ఈ వెంకటేశ్ కార్డు రాసింది నేనే అన్నా. రాయకూడదని తెలిసే రాసినాను. అడిగేదానికి భయమై ఊరికే ఉండినాను."

అతనూ గడియారం వైపే చూస్తూ చెప్పాడు. ఊర్లో రాగిచేను కోతకొచ్చిందట, అడవిలోంచి ఏనుగులు దిగుతున్నాయట. ఆ రోజు తాను కాపలాకు ఉండిపోయి, షిఫ్టు మార్పించుకుని, తన 'ఏ' షిఫ్టుకు వెంకటేశ్‌ను పొమ్మన్నాడట.

"నాకు బదులు వస్తా చచ్చినోనికి నువ్వు ఎర్రసిరాతో ఆబ్సెంట్ ఏసినావు. నెల మారినాక నీ చేతిరాతతోనే వాని కార్డు వచ్చింది. ఆఫీసే పిలిచినాక నేనెందుకు ఆపల్లని కొట్టినాను."

మరి వెళ్ళేటప్పుడు ఎందుకు కొట్టలేదని అడిగాను.

"లోపలికొచ్చినోన్ని బయటికి పంపేదానికి నాకు చెయ్యి రాలేదమ్మా. అది నువ్వే కొట్టు."

లోపలి ర్యాకులోంచి కార్డు తీసి నా చేతికిచ్చాడు. గడియారంలో పెట్టి మీట నొక్కాను. 2.17 పడింది. ఎడమ ర్యాకులో పెట్టబోయి, నా సంచిలో వేసుకున్నాను.

చనిపోయిన మనిషికి పొరపాటున కార్డు రాశానని, చించేశానని టైమాఫీసర్‌కు చెప్పాను. రాయడం నిజం, చించడం అబద్ధం. "పోయినోళ్ళను గూడా డ్యూటీకి పిలుస్తావా తల్లీ" అని వెటకారంగా అని, మెమో ఇచ్చాడు. మునిరాజు ఉద్యోగం నిలిచింది.

ఆ తర్వాత ఉద్యోగంలో నేను పాటించింది ఒక్కటే. ఒక మనిషిని ఏం చేశావని అడిగేముందు, ఆ విషయంలో నేను చేసిన తప్పు ముందుగా చెప్పాలి. ఎదురుగా కాక పక్కన నిలబడి చెప్పాలి. కళ్ళలోకి చూడటం అందరి దగ్గరా పనిచేయదు.

2008లో ఆ గడియారం తీసేసి యంత్రంలో గీకే స్వైప్ కార్డులు పెట్టినప్పుడు ఉద్యోగం మానేశాను. చివరిరోజు మునిరాజు నా కిటికీ దగ్గరికి వచ్చాడు. జుట్టు నెరిసింది. గోడ మీద గడియారం ఉండిన చోట నాలుగు మేకుల గుంతలు మిగిలాయి. అతను వాటిని చూస్తూ నిలబడ్డాడు. అతను నాతో అన్న ఆఖరి మాట ఇదే:

"ఆ పొద్దు వాడు బయటికొచ్చేసినాడు గదమ్మా?"