మా అత్తమ్మ మిగుల్చుడు

పోయిన నెల, బీడీలు చుట్టే తునికాకు కోతలు మొదలైన వారంలో మా అత్తమ్మ చనిపోయింది. పొద్దున వాకిలి ఊడుస్తూ చీపురు చేతిలో ఉండగానే కూలబడింది. బీజాపూర్‌లో ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచారు. మళ్లీ కళ్లు తెరవలేదు. ఆ కబురు భోపాల్‌పట్నంలో మా వీధి దాటి పోయి ఉండదు. పదిమంది చెప్పుకునే పనులేవీ ఆమె చెయ్యలేదు. నన్నూ, నా కూతురినీ, మంచాన పడ్డ మామనూ చాలీచాలని పైసలతో ఇన్నేళ్లు ఈడ్చుకొచ్చింది, అంతే. ఆ 'అంతే'లో ఏముందో నాకు తెలిసినంత మేరకు మీకు చెప్పాలని రాస్తున్నాను.

నాది గోదావరి అవతలి ఊరు. ఇంటర్ దాకా తెలుగులో చదివాను. పెళ్లయి ఇక్కడికి వచ్చేసరికి బోర్డుల మీద హిందీ, సంతలో గోండీ, ఇంట్లో మాత్రమే తెలుగు. నా భర్త దూరాన గనులున్న బచేలీలో ఒక కాంట్రాక్టరు దగ్గర బండి నడుపుతాడు. నెలకోసారి వస్తాడు, ఒక్కోసారి అదీ కుదరదు. పెళ్లయిన రెండో ఏడు మామకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఆయన్ను ఒత్తిగిలించాలన్నా, లేపి కూర్చోబెట్టాలన్నా ఇద్దరు కావాలి. ఆ ఇద్దరం అత్తాకోడళ్లమే. పెళ్లికో చావుకో ఇద్దరం కలిసి పోయింది లేదు. మా అమ్మకు జ్వరం ముదిరిందని తెలిసినప్పుడు పొద్దున బస్సుకు వెళ్లి సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాను. రెండు గదులు, ఒక మంచం. ఆ మంచం చుట్టూ ఎంత దూరం తిరగగలమో అంతే మా లోకం.

సంత రోజు మాత్రం పక్కింటావిడ వచ్చి గంటసేపు మామ దగ్గర కూర్చునేది. ఆ గంటలోనే మేమిద్దరం వారం సామాను తెచ్చుకోవాలి. అత్తమ్మకు చదువు రాదు. ఏం కావాలో వేళ్ల కణుపుల మీద గుర్తుపెట్టుకునేది. నేను చీటీ రాసుకుని వెళ్లినా ఎప్పుడూ ఏదో ఒకటి మరిచేదాన్ని, ఆమె మరిచేది కాదు.

కొత్తలో నేను పొట్లాల మనిషిని. షాంపూ పొట్లం, కాఫీ పొడి పొట్లం, చిన్న నూనె ప్యాకెట్. చేతిలో ఎంత ఉంటే అంతకు తెచ్చేదాన్ని. ఆమె ఒకరోజు నేను తెచ్చిన చిన్న ప్యాకెట్లన్నీ కత్తిరించి నూనెను ఒక సీసాలో పోసి చూపించింది. అంత పైసలకు సీసా సగానికి రాలేదు. "చిన్న ప్యాకెట్ లేనోళ్లనే కోస్తది బిడ్డా," అంది. ఆ తర్వాత మా వరసలోని మూడిళ్ల ఆడవాళ్లను పోగేసి, నూనె డబ్బా ఒకటి కలిసి కొనడం మొదలుపెట్టించింది. పంచేది ఆమే. గరిటెతో పోసేటప్పుడు చివరి గరిటె ఎప్పుడూ పక్కింటికి పోయేది. ఎందుకని అడిగితే, మనకు తగ్గితే మనం ఓర్చుకుంటాం, వాళ్లకు తగ్గితే వచ్చే నెల డబ్బా ఆగిపోతుంది అని చెప్పింది.

కొత్త సబ్బును దారంతో రెండు ముక్కలు కోసి, నీడలో వారం రోజులు ఎండనిచ్చేది. ఎండిన సబ్బు తొందరగా కరగదు. రేషన్‌లో వచ్చే శనగలు నానబెట్టి వాటితోనే కూర వండేది, కందిపప్పు వారానికి రెండుసార్లే. చింతపండు ధర పడిపోయిన రోజుల్లో కొని, గింజ తీసి, ఉప్పు కలిపి కుండలో అదిమిపెట్టేది. వానాకాలంలో ధర రెట్టింపయ్యేసరికి మా కుండ నిండుగా ఉండేది. టీ పొడి ఒకసారి మరిగించి మామకూ నాకూ పోసి, అదే పొడిలో మళ్లీ నీళ్లు పోసి తాను తాగేది. నా టీయే పలచన అని నేను అనుకునేదాన్ని, ఆమెది ఇంకా పలచనని చూసేదాన్ని కాదు.

ఒక్క చోట మాత్రం ఆమె బేరం ఆడేది కాదు. అడవి ఊళ్ల నుంచి నడిచొచ్చి, ఆకు మీద నాలుగు కుప్పలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ల దగ్గర. వాళ్లతో గోండీలో ఇంటి సంగతులు మాట్లాడి, అడిగినంతా ఇచ్చేది. పెద్ద దుకాణంలో మాత్రం హిందీలో చక్కెర ధర గురించి పావుగంట నిలబడి కొట్లాడేది. నేను సిగ్గుపడి పక్కకు జరిగేదాన్ని. దారిలో ఒకసారి ఎందుకీ తేడా అని అడిగాను. "ఆమె కూడ నాలెక్కనే ఇంట్ల లెక్క చూసుకొని వచ్చింది. ఆమె లెక్క నేను తప్పిస్తె ఎట్ల?" అంది.

ఇదంతా ఇప్పుడు ముచ్చటగా రాస్తున్నాను గానీ, అప్పుడు నాకు ఉరితాడులా ఉండేది. ఎటు తిరిగినా ఆమె లెక్కే. పొయ్యి ఆర్పడం ఆలస్యమైతే చూపు, బకెట్లో నీళ్లు ఎక్కువ ఒంపితే చూపు. నా కూతురు నాలుగేళ్లప్పుడు దుకాణం ముందు క్రీము బిస్కెట్ల కోసం నేల మీద పడి ఏడ్చింది. అత్తమ్మ కొననివ్వలేదు. ఇంటికొచ్చాక నాకు కోపం ఆగలేదు. ఈ ఇంట్లో ఊపిరి తీసుకోవాలన్నా లెక్కేనా అని గట్టిగా అడిగాను. మామ వింటున్నాడని కూడా చూడలేదు. ఆమె తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"లెక్కనే బిడ్డా. లెక్క తప్పితె నువ్వు జీవితమంత ఈడనే ఉంటవు."

ఆ మాట నాకు ఆ రోజు అర్థం కాలేదు. ఆ సాయంత్రం ఆమే వెళ్లి బిస్కెట్లు తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది. మరుసటి వారం కందిపప్పు ఒక్కసారే వండింది.

రెండేళ్ల కిందట, దీపావళి తర్వాత, ఆమె ఒక గుడ్డ సంచి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మడతలు పడ్డ నోట్లు. బచేలీలో గది అద్దెకు తీసుకోవాలంటే ముందు కట్టాల్సినది ఎంతో నా భర్తను అడిగి తెలుసుకుందట. అది పోగయ్యేదాకా నెలనెలా కొంత నాకే ఇస్తానంది.

"ఇద్దరం ఒక్క మంచానికి కట్టేసుకొని ఎందుకుండాలె? నువ్వు పో. పిల్లను మంచి బడిల ఎయ్యి."

"మామను ఒక్కదానివే ఎట్ల తిప్పుతవు అత్తమ్మా?"

"పక్కింటామె లేదా. అది నేను చూసుకుంట. సంపాదించుడు వాని చేతుల ఉన్నది, మిగుల్చుడు నా చేతుల ఉన్నది."

నేను వద్దనలేదు. ఇది దాచకుండా చెప్పాలి. వద్దని ఒక్కసారి కూడా అనలేదు. ఆ రోజు నుంచి నేను బచేలీలో ఉన్నట్టే బతికాను. గదిలో పొయ్యి ఎక్కడ పెట్టాలో, పిల్ల పుస్తకాలు ఎక్కడ సర్దాలో ఆలోచించుకునేదాన్ని. నెల చివర ఆమె నోట్లు ఇస్తే సంచిలో పెట్టుకునేదాన్ని. ఈ ఇంట్లో నూనె చుక్క దగ్గర నుంచి అగ్గిపుల్ల దాకా ఎంత వస్తుందో, ఎంత పోతుందో అప్పటికి నాకు ఆమెతో సమానంగా తెలుసు. తగ్గించడానికి ఇంకేమీ మిగల్లేదని కూడా తెలుసు. అయినా ఈ పైసలు ఎక్కడివని అడగలేదు.

ఆసుపత్రిలో డాక్టరు ఆమె వాడే మందులు తెమ్మన్నాడు. ఆమెకు బీపీ ఉందని నాకు తెలుసు, రోజూ గోలీ వేసుకుంటుందనీ తెలుసు. ఇంటికి వచ్చి మామ మంచం పక్కన ఆమె పెట్టె తెరిచాను. మామ మందుల పట్టీలు వరసగా ఉన్నాయి, నెల మొత్తానికి సరిపడా, ఒక్కటి తక్కువ కాకుండా. అడుగున ఆమె గోలీలు ఉన్నాయి. ఒక్కొక్కటి సగానికి కోసి, కాగితంలో చుట్టి పెట్టింది. పక్కనున్న మందుల చీటీ మీద తేదీ చూస్తే, నెలకు రావాల్సినది రెండు నెలలు దాటి నడుస్తోంది. డాక్టరు వాటిని అరచేతిలో వేసుకుని చూసి, సగం వేసుకోమని ఎవరు చెప్పారని హిందీలో అడిగాడు. ఎవరూ చెప్పలేదన్నాను. అందువల్లే ఇలా అయిందా అని అడిగితే, అయి ఉండవచ్చు, కచ్చితంగా చెప్పలేం అన్నాడు. ఆ 'ఉండవచ్చు' దగ్గరే నేను ఇంకా నిలబడి ఉన్నాను.

దహనం అయిన మర్నాడు ఆ కాగితం పొట్లం తీసుకెళ్లి మామకు చూపించాను. ఎందుకు చూపించానో తెలియదు. ఎవరికో ఒకరికి చూపించాలనిపించింది. ఆయన దాన్ని చూసి ఎడమ చేతి పిడికిలితో మంచం పట్టె మీద కొట్టడం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. చాలా నెలలుగా పొద్దున టీ అయ్యాక ఆయన అలాగే కొట్టేవాడు. నీళ్లు కావాలేమో అని గ్లాసు పట్టుకెళితే తాగేవాడు కాదు, నా వైపు చూస్తూ ఇంకా గట్టిగా కొట్టేవాడు. అత్తమ్మ ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టి, ఏం లేదులే పడుకో, అని సముదాయించేది. ఆ వేళకే ఆమె ఆ గదిలో కూర్చుని ఆ సగం గోలీ వేసుకునేది. ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసింది ఆయనొక్కడికే. తెలిసినవాడికి నోరు లేదు. నోరున్నదాన్ని నేను, అడగలేదు.

ఆయన ఏడుస్తుంటే తుడిచాను. "నాకు అర్థం కాలేదు మామా," అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు, తిట్టడానికో క్షమించడానికో తెలియదు. చాలాసేపు వదల్లేదు.

గుడ్డ సంచిలోని డబ్బు బీజాపూర్ బండికీ, మందులకూ, తర్వాతి కర్మలకూ సరిపోయింది. సరిగ్గా సరిపోయింది, మిగల్లేదు. పదకొండో రోజు అయ్యాక నా భర్త మామను బచేలీకి తీసుకుపోదామా అని అడిగాడు. అక్కడ దొరికే గదులు మేడ మీదవి. ఆయన్ను ఎక్కించడం ఎలా, పగలంతా నేనొక్కదాన్నే తిప్పడం ఎలా. వాటి గురించి ఇద్దరం పొద్దుపోయేదాకా మాట్లాడుకుని, ఏమీ తేల్చుకోకుండానే లేచాం. మర్నాడు డ్యూటీ ఉందని ఆయన వెళ్లిపోయాడు. ఇప్పుడు పక్కింటావిడ పూటకు ఒకసారి వచ్చి ఒక పక్క పట్టుకుంటుంది. ఇంకో పక్క నేను.

అత్తమ్మ నాకు నేర్పినవన్నీ చేస్తూనే ఉన్నాను. చెయ్యకపోతే ఇల్లు నడవదు. కానీ మనిషి తన వంతు తగ్గించుకోవడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో ఆమె నేర్పలేదు, ఆమెకే తెలియదు. అది మీకైనా చెప్పాలనిపించింది. మీ ఇంట్లో ఎవరైనా చాలా బాగా మిగులుస్తుంటే, ఒకసారి వాళ్ల పెట్టె తెరిచి చూడండి.

నిన్న సాయంత్రం ఎండ తగ్గాక పక్కింటావిడా నేనూ మామ మంచం పట్టుకుని అరుగు మీదికి తెచ్చాం. పడిపోయాక ఆయన బయటి వెలుతురు చూడడం ఇదే మొదలు. రోడ్డు మీద తునికాకు బస్తాల లారీలు ఒకదాని వెనుక ఒకటి గోదావరి వైపు పోతున్నాయి. ఎక్కడికి పోతున్నాయని నా కూతురు అడిగింది. అమ్మమ్మ వాళ్ల ఊరి మీదుగా పోతాయని చెప్పాను. మామ తల కొంచెం పక్కకు తిప్పి చూస్తున్నాడు. ఒక లారీ మలుపు తిరిగి కనపడకుండా పోయింది. మామా, పిల్లా, నేనూ ఇంకో దాని కోసం చూస్తూ కూర్చున్నాం.