‘కోద్దునా?’ అని అడిగిన కంప్యూటర్

దయ్యాలంటే నాకు నవ్వు. ఆదోనిలో మా అత్తగారు దిష్టి తగలకుండా గుమ్మానికి నిమ్మకాయ కడితే, దాన్ని తెంపి మజ్జిగలో పిండుకుని తాగిన మనిషిని నేను. డిగ్రీ కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్తాను. కరెంటు లేకుండా ఏదీ కదలదని నమ్మి బతుకుతున్నాను. కాబట్టి ఇది చదివి నన్ను పూనకాల వాళ్లలో కలపకండి.

మా పుట్టిల్లు ఎమ్మిగనూరు. నేతపని ఇల్లు. మా అన్న ఈరన్న ఇప్పుడు చీరల డిజైన్లు కంప్యూటర్‌లో వేస్తాడు. తెర మీద గళ్లుంటాయి, ఒక్కో గడికీ రంగు నింపుకుంటూ పోవాలి. అన్న పక్కన కూర్చుని చూసి చూసి మా అమ్మ కూడా మౌస్ పట్టింది. బడి ముఖం సరిగా చూడని మనిషి, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని గంటలకొద్దీ గళ్లు నింపేది. మేం నవ్వితే పట్టించుకునేది కాదు.

ఆమె చివరగా వేసింది ఒక కొంగు. పువ్వులు కాదు, నెమళ్లు కాదు, పగిలిన పత్తికాయలు. మా వైపు ఎక్కడ చూసినా పత్తే కదా, దాన్ని చీర మీదికి ఎవరూ ఎక్కించలేదేమని ఆమె బాధ. అన్న మగ్గం మీద ఆ చీర మొదలుపెట్టాడు. ఒళ్లంతా నేశాడు. కొంగుకు అట్టలు, అంటే డిజైన్‌ను మగ్గానికి చెప్పే చిల్లుల అట్టలు, కొట్టించాల్సి ఉండగా అమ్మకు జబ్బు చేసింది. మళ్లీ లేవలేదు. చీర మగ్గం మీదే ఆగిపోయింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నేత పూర్తయ్యాక చీరను మగ్గం నుంచి కోసేటప్పుడు, కత్తెర పట్టుకున్న మనిషి ‘కోద్దునా?’ అని అడగాలి. మగ్గం అవతలి చివర నిలబడ్డ మనిషి పడుగు దారాల మీద చెయ్యి పారించి చూసి, అంతా సరిగా ఉంటే ‘ఊఁ’ అనాలి. తేడా ఉంటే నోటితో చెప్పరు. చుట్టుపక్కల మగ్గాల చప్పుడులో ‘ఉండు’ అన్నా ‘ఊఁ’ లాగే వినపడొచ్చని, పేక దారం నడిపే నాడెతో కొయ్య మీద టక్ టక్‌మని కొడతారు. ఆ చప్పుడు వింటే కత్తెర కింద పెట్టేయాలి. ఎప్పుడూ అన్న కత్తెర పట్టుకునేవాడు, అమ్మ అవతలి చివర ఉండేది. ఆమె పోయాక అన్న మగ్గం గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు.

ఇక కంప్యూటర్ సంగతి. అన్న కంప్యూటర్ పాతది, లినక్స్ అనే సిస్టం మీద నడుస్తుంది. అందులో ప్రోగ్రాంలు పెట్టాలన్నా, తీయాలన్నా ప్యాకేజీ మేనేజర్ అని ఒకటుంటుంది. నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఆదేశాలు కొట్టాలి. అన్నకు అది చూస్తేనే చెమటలు. ప్రతిదానికీ నాకు ఫోన్ చేసేవాడు. విసుగొచ్చి, వాడికోసం తెలుగు బటన్లతో ఒక ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాను. లోపల పని ఆ ప్యాకేజీ మేనేజరే చేస్తుంది, పైన మాత్రం తెలుగు. దేన్నైనా తీసేసే ముందు ‘ఖాయమా?’ అని అడగాల్సిన చోట ‘కోద్దునా?’ అని పెట్టాను. దానికింద రెండు బటన్లు: ‘ఊఁ’, ‘ఉండు’. అన్న చూసి నవ్వాడు. అమ్మ పోయాక వాడు నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఇంకొక పని కూడా చేశాను. ఒక ప్రోగ్రాం తీస్తే దాని మీద ఆధారపడినవి కూడా పోతాయి. ఆ పేర్లన్నీ ఇంగ్లీషులో కనబడితే అన్న బెదిరిపోతాడని, మొదటి పేరు ఒక్కటే చూపించి పక్కన ‘ఇంకా కొన్ని’ అని రాశాను. వాడికి తేలిగ్గా ఉండాలని నా తెలివి.

శ్రావణంలో అన్న ఫోన్ చేశాడు. ‘పద్మా, ఇది కదలకుండా పడుకుండాది. అమ్మ కొంగు తెరుద్దామంటే తెరుసుకోలేదు. ఒకసారి వచ్చి సూడు,’ అన్నాడు. ఎన్నాళ్లకో ఆ కొంగు మాట ఎత్తాడు. అట్టలు కొట్టించి చీర పూర్తి చేస్తానన్నాడు. నేను ఆదివారం బస్సెక్కాను.

వెళ్లేసరికి వదిన, పిల్లలు ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి పోయి ఉన్నారు. వీధిలో సగం ఇళ్లు అలాగే తాళాలు వేసి ఉన్నాయి. మగ్గాలేవీ ఆడటం లేదు. మా వీధి అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

కంప్యూటర్‌లో జాగా నిండిపోయింది, అంతకన్నా రోగం లేదు. అన్న ఫోల్డరంతా ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాను. ఇక భయం లేదనుకున్నాను. తర్వాత నా ప్రోగ్రాం తెరిచి, అక్కరలేని పాత సామాను ఒకటి ఎంచి, దాని తాలూకు ఫైళ్లతో సహా తుడిచేయమన్నాను. అన్న టీ తెస్తానని బయటికి పోయాడు.

తెర మీద ‘కోద్దునా?’ అని వచ్చింది. మౌస్ ‘ఊఁ’ మీదికి జరిపాను.

పక్కగదిలో టక్ టక్‌మని చప్పుడైంది.

నాడెతో కొయ్య మీద కొట్టిన చప్పుడు. పుట్టిన దగ్గర్నుంచి విన్న చప్పుడది, ఇంకొకదానితో పొరబడను. వేలు మౌస్ మీది నుంచి దానంతటదే లేచిపోయింది. అన్న ఎప్పుడో వచ్చి ఆటపట్టిస్తున్నాడనుకుని, ‘పనిలో ఉండా, ఊరికే ఉండన్నా,’ అని అరిచాను. మళ్లీ మౌస్ పట్టుకున్నాను. మళ్లీ టక్ టక్. ఈసారి గట్టిగా, కోపంగా.

అప్పుడు అన్న వీధి తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. చేతిలో టీ కవరు ఉంది.

నా ముఖం చూసి, ‘ఏమైంది మే?’ అన్నాడు.

‘నువ్వు మగ్గం కాడ లేవా?’

‘ఇప్పుడే కదా వస్తాండా. ఆ రూముకు తాళం ఏసి ఉండాది, సూడు.’

తాళం వేసే ఉంది. ఏం చేయాలో తోచక, పట్టుకోవడానికి తెలిసింది అదొకటే కాబట్టి, తిరిగి తెర వైపు చూశాను. ‘ఉండు’ నొక్కాను. నల్ల తెర తెరిచి, నేను దాచిన ‘ఇంకా కొన్ని’లో ఏమున్నాయో చూశాను. మూడో పేరు అన్న డిజైన్లు వేసే ప్రోగ్రాంది.

అప్పటికీ పెన్‌డ్రైవ్ ఉంది కదా అనుకున్నాను. తెరిచి చూస్తే పాటలు, పిల్లల ఫొటోలు, పెళ్లి వీడియో ఉన్నాయి. ఒక్క డిజైనూ లేదు. ఆ ప్రోగ్రాం డిజైన్లను అన్న ఫోల్డర్‌లో దాచడం లేదు, తన సొంత ఫోల్డర్‌లో దాస్తోంది. ‘ఫైళ్లతో సహా’ అన్నాను కాబట్టి, నేను ‘ఊఁ’ నొక్కి ఉంటే ఆ ఫోల్డరే పోయేది. అమ్మ పత్తికాయలు ఆ ఒక్కచోట తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు.

కుర్చీలో కూర్చుని ఏడ్చాను. అన్నకు ఏమీ అర్థం కాలేదు. నేను చెప్పింది విని, మొలతాడు నుంచి తాళంచెవి తీశాడు.

గదిలో దుమ్ము. కిటికీ లోపలినుంచి గడియ పెట్టి ఉంది. ఎలుకా లేదు, పిల్లీ లేదు. నాడె మగ్గం అవతలి చివర కొయ్య మీద ఉంది.

‘నేను దీన్ని గూట్లో పెట్టినా,’ అన్నాడు అన్న మెల్లగా. ‘అమ్మ పోయిన దినమే పెట్టినా. మళ్లా ఈడికి రాలేదు.’

ఇద్దరం దాన్ని ముట్టుకోలేదు. టీ చల్లారిపోయింది.

నేను చదువుకున్నదాన్ని కాబట్టి కారణాలు వెతికాను. ఎండకు కొయ్య చిట్లిన చప్పుడనుకున్నాను, కానీ ఆ రోజు ముసురు. పక్కింటి చప్పుడనుకున్నాను, వాళ్లూ ఉరుకుందలో ఉన్నారు. నాడె సంగతి అన్న మరిచిపోయి ఉంటాడనుకున్నాను. మరిచిపోయే మనిషి కాడు గానీ, అలా అనుకుంటేనే నాకు ఆ పూట అన్నం దిగింది.

డిజైన్లన్నీ నాలుగు చోట్ల కాపీ చేశాను. ‘ఇంకా కొన్ని’ అన్న మాట నా ప్రోగ్రాంలోంచి పీకేసి, పోయే ప్రతి పేరూ పెద్ద అక్షరాలతో కనబడేలా మార్చాను. అన్న బెదిరితే బెదరనీ. వాడు కొంగుకు అట్టలు కొట్టించి మగ్గం గుంతలో కూర్చున్నాడు. దసరా ముందు ఫోన్ చేశాడు. ‘కొంగు అయిపోయింది. అవతల నిలబడేదానికి మనిషి ల్యాకుండా యాడ కోసేది? నువ్వు రా,’ అన్నాడు.

వెళ్లాను. ఎర్రటి కొంగు నిండా తెల్లటి పత్తికాయలు పగిలి ఉన్నాయి. అమ్మ నిలబడే చోట నిలబడి దారాల మీద చెయ్యి పారించాను. చీర వైపు చూస్తుంటే దుఃఖం పొంగుకొచ్చింది. అన్నకు వినపడకూడదని నేను కట్టుకున్న చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అన్న తల ఎత్తకుండా, కత్తెర పట్టుకుని, ‘కోద్దునా?’ అన్నాడు.

‘ఊఁ’ అని వినపడింది.

నా పక్కనుంచే. చెవికి దగ్గరగా. అన్న కోశాడు. చీర మడిచి, కళ్లు తుడుచుకుని, ‘అచ్చం అమ్మ మాదిరే అన్నావు మే,’ అన్నాడు.

నేను అనలేదు. నా నోట్లో కొంగు అలాగే ఉంది. ఆ మాట అన్నకు ఇప్పటికీ చెప్పలేదు. ఆ చీర ఆదోనిలో నా బీరువాలో ఉంది. దయ్యాలు ఉన్నాయా అని ఎవరైనా అడిగితే లేవనే చెప్తాను. ఆ ‘ఊఁ’ ఎవరిది అని మాత్రం అడగొద్దు, నాకు తెలియదు.