ఇటలీ మేజిస్ట్రేటు మెడలో చామంతుల దండ

ఇటలీ జడ్జిని నేను పూలదండతో హడలగొట్టానని గల్ఫులో అస్కర్ లేబర్ క్యాంపుల్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారట. ఆ కథ పుట్టించింది మా మేడమ్ డ్రైవరు, కరీంనగర్ వైపు మనిషి. అతను బయట కారు దగ్గర ఉన్నాడు. లోపల జరిగింది చూసినదాన్ని నేను.

తొంభైల్లో రిఫాలో ఒక ఇటాలియన్ ఇంజినీరు ఇంట్లో పనిచేశాను. బి.ఏ. చదివి వంటపనేమిటని అడిగినవాళ్ళకి అప్పుడూ జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. మేడమ్ అన్నగారు వాళ్ళ దేశంలో మేజిస్ట్రేటు. అక్కడ మేజిస్ట్రేటంటే బల్ల వెనక కూర్చుని తీర్పు చదివేవాడు కాదట, పోలీసుల్ని వెంటబెట్టుకుని దర్యాప్తు తనే చేస్తాడట. ఈయన ముఠాల వెంట పడ్డాడు. తోటి మేజిస్ట్రేటుని కారుతో సహా పేల్చేశారు. తర్వాత ఈయన ఉద్యోగం వదిలి, పార్టీలో చేరి, పార్లమెంటుకి వెళ్ళి, చివరికి సొంత ఊరికి మేయరుగా నిలబడబోతూ చెల్లెల్ని చూడ్డానికి వచ్చాడు. ఆమె మాత్రం ఆయన్ని తిరిగి పంపకూడదని మేడ మీద గది సర్ది పెట్టుకుంది.

రిఫాలో కూడా ఆయన మోకాళ్ళ మీద వంగి కారు కింద చూసుకునే ఎక్కేవాడు. "అక్కా, మీ సారు దినాం కారు కింద పిల్లిని దేవులాడుతుండు" అని డ్రైవరు ఎగతాళి. నాకు నవ్వు రాలేదు. కిటికీ దగ్గర కూర్చోడానికి జంకే మనిషిని చూసి ఎలా నవ్వుతాం?

ఎన్నికలకి నిలబడే మనిషికి మా కాకినాడ వైపు దండ వెయ్యకుండా ఉంటామా? మనామా గుడి సందులో పచ్చ చామంతుల దండ కొన్నాను. భోజనానికి ఆయన మెట్లు దిగి రాగానే ఎదురెళ్ళాను. మేడమ్ చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది. అది అవతలికి తీసుకుపొమ్మని నాకు ఇంగ్లీషులో చెప్పింది. వాళ్ళ దగ్గర చామంతులు సమాధుల మీదికేనట. తోటి మేజిస్ట్రేటు చనిపోయిన వారంలోనే ఎవరో ఈయన గుమ్మంలో ఈ పూలదే ఒక గుత్తి పెట్టి పోయారట, చీటీ కూడా లేకుండా.

ఆయన చెల్లెలికి చెయ్యి అడ్డుపెట్టి, నా ముందు తల వంచాడు. భోజనమంతా దండతోనే చేశాడు. రేకులు పళ్ళెంలో రాలుతుంటే పక్కకి జరుపుకుని తిన్నాడు.

"మీ దగ్గర ఇవి ఎవరికి వేస్తారు?" అని నన్నడిగాడు.

"దేవుడికి, పెళ్ళికొడుక్కి, నాయకుడికి."

"చచ్చినవాడికి?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "వాళ్ళకీ వేస్తాం సార్" అన్నాను.

ఆయన నవ్వడం అప్పుడే చూశాను. చెల్లెలివైపు తిరిగి, నాకూ తెలియాలనేమో, ఇంగ్లీషులోనే అన్నాడు. "వాళ్ళు గుమ్మంలో పెట్టి పారిపోయారు. ఈమె నా మొహం చూసి వేసింది. నేను వెళ్తాను."

మేడమ్ నాతో చాలా రోజులు ముభావంగా ఉంది. నా దండే పంపేసిందని ఆమె నమ్మకం. మనసులో అప్పటికే బయల్దేరిపోయిన మనిషిని ఏ దండా పంపదు, ఆపదు. ఆ మాట ఆమెతోనే అన్నాను.

ఆయన గెలిచాడు. ఇటలీ నుంచి వచ్చిన పత్రికలో ఫొటో వేశారు. జనం మధ్యలో చేతులు కలుపుతున్నాడు. మేడమ్ అన్నగారి వైపు చూడనే లేదు. చుట్టూ ఉన్న మొహాల్లో ఒక్కొక్కదాని మీదా వేలు ఆనిస్తూ పోయింది. పక్కన నిలబడి నేనూ అవే మొహాలు చూశాను. మేజిస్ట్రేటుగా ఉన్నన్నాళ్ళూ ఆ గుత్తి పెట్టినవాణ్ణి వెతికించే అధికారం ఆయనకి ఉండేది. మేయరయ్యాక ఎదురొచ్చిన ప్రతివాడికీ చెయ్యి అందించాలి. ఆ కలిపిన చేతుల్లో వాడి చెయ్యి ఉందా, లేదా?