గున్నమ్మ కుట్టిన నాలుగు పొరల కోటు

లక్ష్మణుడి ప్రయాణానికి తీసిపెట్టిన ఉన్ని కోటును కుక్క ఎత్తుకుపోయింది. తప్పు కుక్కది కాదు. అరుగు మీద తెరిచి ఉన్న పెట్టెలో, ఆ కోటు జేబులోనే ఎండు నెత్తళ్ల చేపల పొట్లం దోపింది వాళ్ల వదిన గున్నమ్మ. రాయగడ బజారంతా తరిమి తెచ్చేసరికి కోటుకి నెత్తళ్లూ లేవు, కుడి చెయ్యీ లేదు.

ఇది 1959 మే నెల మాట. గున్నమ్మ మా వీధిలో దీపాలు వెలిగించే దాలయ్య భార్య. లక్ష్మణుడు దాలయ్య తమ్ముడు, పంచదార మిల్లులో ఫిట్టరు. చెరకు మిషన్ల పని నేర్చుకు రమ్మని మిల్లువాళ్లు అతన్ని ఆస్ట్రేలియా పంపుతున్నారు. ఆ దేశంలో ఉత్తరాన మన ఎండేనట, దక్షిణాన కొండల్లో మంచు పడుతుందట. పైగా మనకి వేసవైతే వాళ్లకి చలికాలమట. అతను రెండు కొసలకీ వెళ్లాలి.

ఆ కోటు లక్ష్మణుడిది కాదు. వీధి మొత్తానికి అదొక్కటే. చలికాలంలో కొండదారి ఘాటీ ఎక్కి కోరాపుట్ కలెక్టరు కచేరీకి వెళ్లేవాళ్లు గున్నమ్మ దగ్గర పుచ్చుకుని, దిగొచ్చి తిరిగిచ్చేవారు. పొట్టివాళ్లకి మోకాళ్లు దాటేది, పొడుగువాళ్లకి నడుం దగ్గరే ఆగేది. ఎవరూ పట్టించుకునేవారు కాదు.

"ఒంటిసెయ్యి కోటేసుకుని ఏ మొకం పెట్టుకు ఎల్తాను వదినా? మానేస్తాను," అన్నాడు లక్ష్మణుడు. రైలు శుక్రవారం. కొత్త కోటు కొనే స్థితి ఆ ఇంట్లో లేదు.

గున్నమ్మ పుట్టిల్లు గుణుపురం పక్క పల్లె. పెళ్లయిన కొత్తలో లారీలో కోరాపుట్ వెళ్తూ, కొండెక్కుతున్నకొద్దీ ఒకదాని మీద ఒకటి చీరలు చుట్టుకుంది, దిగుతున్నకొద్దీ విప్పింది. ఆ సంగతి గుర్తొచ్చిందో ఏమో, లేచి పాత చీరలు తీసింది. బొంత కుట్టే చెయ్యి కదా, బొంతనే కోటు చేసింది. పైన దాలయ్య నల్ల దుప్పటి, లోపల మూడు పొరలు చీరలు. పొరకీ పొరకీ మధ్య పొడుగాటి కుట్లు.

"సలేస్తే ఇలా ఉంచీ బావూ. ఎండెక్కితే ఈ దారం లాగు, పై పొర ఊడొస్తాది. మళ్లీ సలేస్తే సూదెట్టేను, కుట్టుకో."

పక్కింటి పాపాయమ్మ బుగ్గ నొక్కుకుంది. "ఇది కోటా, దుప్పటా అమ్మా?"

"ఏసుకుంటే కోటు, కప్పుకుంటే దుప్పటి. పెట్టెలో సోటు కూడా మిగిలింది."

మిగిలిన ఆ చోటులో ఈసారి నెత్తళ్లు డబ్బాలో పెట్టింది. కుక్క చింపిన వీధి కోటుకి ఖాకీ గుడ్డతో చెయ్యి అతికింది. లక్ష్మణుడు శుక్రవారం రైలెక్కేడు.

మరుసటేడు తిరిగొచ్చేడు. పెట్టె దించకుండానే మొదలెట్టేడు.

"ఏటి సేసేవు వదినా! అక్కడ మిల్లులో ఉక్కపోసి, అందరి ముందూ దారం లాగేను. నల్ల దుప్పటి ఊడి నీ ఎర్ర పువ్వుల సీర బయటపడింది. దొరలు నవ్వేరు, దొరసాన్లు నవ్వేరు. నా పరువంతా పోయింది!"

గున్నమ్మ అతని చేతిలోంచి పెట్టె అందుకుంది.

"నవ్వినోళ్లని ఒగ్గెయ్. నీకు సలేసిందేటి?"