ఒకే చార్జి జంట కోసం

చెరుకు తోటకు నీరు కడుతుండగా ఫోన్ వచ్చింది. మా అక్క భర్త, మా బావ, పోయారు. ఎలమంచిలిలో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పిన మనిషి. "పాపం, ఏమీ కనిపెట్టకుండానే పోయారు" అన్నారు చాలామంది. ఆ 'పాపం' నాకు నచ్చలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

న్యూట్రినో అనే అతి చిన్న కణానికి బరువు ఎక్కడిదన్నదే ఆయన వెతుకులాట. విదేశాల్లో పెద్ద యంత్రంలో ప్రోటాన్లను ఢీకొట్టించి, ఆ డేటా కొంత అందరికీ చూడనిస్తారు. బావ దాన్ని ఇంట్లో కంప్యూటర్ మీద జల్లెడ పట్టేవారు. మామూలుగా ఎలక్ట్రాన్ల జంటలో ఒకటి మైనస్, ఒకటి దాని ప్లస్ జోడీ పాజిట్రాన్. రెండూ ఒకే చార్జితో వచ్చి, వెంట న్యూట్రినో లేకపోతే, మారదనుకున్న లెప్టాన్ల, అంటే ఎలక్ట్రాన్, న్యూట్రినో జాతి కణాల, సంఖ్య మారినట్టే. బరువు గుట్టు అక్కడే ఉందని ఆయన నమ్మకం.

"కళ్లజోడు ఎక్కడెట్టేరో తెలీదు గానీ, న్యూట్రినో బరువు ఎతుకుతన్నారు" అనేది అక్క.

"కళ్లజోడు ఎతకడానికి నువ్వున్నావు. దీనికెవరున్నారు?" అనేవారు.

ఒక ఏడాది అలాంటి జంటలు ఏడు దొరికాయి. కాలేజీవాళ్లు సన్మానం పెట్టి ఫ్లెక్సీ కట్టారు. సభకు రెండ్రోజుల ముందు బావ తన తప్పు పట్టుకున్నారు. ఎక్కువ శక్తితో పోయే ఎలక్ట్రాన్ దారి అయస్కాంతంలో దాదాపు వంగదు. ఎటు వంగిందో యంత్రం తప్పు చదివితే ప్లస్ కాస్తా మైనస్ అవుతుంది. అలాంటి పొరపాట్లు తక్కువేనని ఆయన అంతకుముందు అనుకున్నారు; తీరా చూస్తే ఆ ఏడూ అవే.

"ఎవరికీ తెలీదు కదా బావా, ఊరుకుంటే ఏటి పోద్ది?" అన్నాను.

"నువ్వు వండే బెల్లంలో పంచదార కలుపుతావేట్రా?"

"సచ్చినా కలపను."

"మరి నన్ను కలపమంతన్నావేటి?"

సభలో మైకు అందుకుని, "ఈ ఏడు జంటలూ లేవు. తప్పు నాది" అన్నారు.

"మరి శాలువా, మాస్టారూ?" వెనక నుంచి ఎవరో అరిచారు.

"కప్పండి, చలికి పనికొత్తాది. ఎతకడం మాత్రం ఆపను."

ఆ రోజు నుంచి కొందరు ఆయన్ని సున్నా మాస్టారన్నారు. ఆయన పట్టించుకోలేదు. ఏ జంటను ఉంచాలో, దేన్ని తీసేయాలో ముందే నోట్‌బుక్‌లో రాసి సంతకం పెడితేగానీ డేటా తెరిచేవారు కాదు. "ముందే సూసేత్తే, కన్ను మనకి కావాల్సిందే సూపిత్తాది" అనేవారు.

దినం అయ్యాక ఆ నోట్‌బుక్ తెరిచాం. చివరి పేజీలో నియమాలున్నాయి, సంతకం ఉంది. 'ఫలితం' కింద ఖాళీ. ఆయనతో పనిచేసిన లెక్చరర్ పెన్ను తీసి, "ఎప్పుడూ వచ్చేదేగా, సున్నా వేసేద్దామండీ" అన్నాడు.

అక్క పేజీ మీద అరచెయ్యి పరిచింది.

"పెన్ను మూసెయ్యండి. ఆయనింకా సూడలేదు."

ఫ్యాను గాలికి ఆమె వేళ్ల పక్కన కాగితం అంచు కొట్టుకుంటూనే ఉంది.